ప్రయాణపు అగచాట్లు – నవ్వులోని పక్షం

యాత్రా రచనను మన విమర్శకులు చాలాకాలంగా తీరికవేళల చదువుగానే చూస్తూ వచ్చారు. కవిత్వాన్నీ నవలనూ తూచే త్రాసులో దాన్ని వేసి చూసినవారు తక్కువ. రచయిత ఏదో దేశం వెళ్తాడు. రైలు తప్పిపోతుంది, పెట్టె పోతుంది, భోజనపు బల్ల దగ్గర ఏ చెంచా ఎత్తాలో తోచదు. దారిలో కనిపించిన జనం టోపీలనూ, గౌన్లనూ, పెళ్ళి వేడుకలనూ నాలుగేసి వాక్యాల్లో వర్ణించి క్షేమంగా ఇల్లు చేరుతాడు. పాఠకుడు నవ్వుకొని పుస్తకం మూస్తాడు. ఇందులో విమర్శించవలసింది ఏముంది అని అడిగేవారున్నారు.

ఉంది. పరాయిచోట మనిషి పడే అగచాటు వట్టి వ్యక్తిగత సంఘటన కాదు. ఆ చోటి మర్యాదను ఎవరు నిర్ణయించారు? అది తెలియనివాడికి ఎందుకు తెలియకుండా పోయింది? తెలియనందుకు వాడు చెల్లించిన మూల్యం ఎంత? ఈ మూడు ప్రశ్నలకు జవాబు ప్రతి అగచాటులోనూ ఉంటుంది. రచయిత వాటిని అడిగినా అడగకపోయినా అతని నవ్వు వాటికి జవాబు చెప్పేస్తుంది. కన్నీటికి పక్షం ఉంటుందని మనం ఏనాడో ఒప్పుకున్నాం. నవ్వుకూ పక్షం ఉంటుంది.

దీన్ని పరీక్షించడానికి తెలుగులో మొక్కపాటి నరసింహశాస్త్రి రాసిన ‘బారిష్టరు పార్వతీశం’ కన్న తగిన పుస్తకం లేదు. మొదటి భాగం 1924లో వెలువడింది; కథను సాగించిన తరువాతి భాగాలు దశాబ్దాల అనంతరం వచ్చాయి. అది నవలే గాని యాత్రాచరిత్ర కాదు. అయినా యాత్రాచరిత్రకు ఉండవలసిన సరంజామా అంతా అందులో ఉంది. మొగల్తూరు కుర్రవాడు బారిష్టరు చదువు కోసం ఇంట్లో చెప్పకుండా బయలుదేరి, మద్రాసు మీదుగా ఓడ ఎక్కి సీమకు చేరతాడు. దారి పొడవునా దుస్తులు, తిండి, నడక, పలకరింపు అన్నీ అతనికి పరీక్షలే. దొరల వేషం వేయాలనుకొని అతను సంపాదించుకున్న టోపీ ఆడవాళ్ళ టోపీ కావడం తెలుగు పాఠకులు మరిచిపోలేని ఘట్టం.

ఈ పుస్తకం గురించి రెండు అభిప్రాయాలు వాడుకలో ఉన్నాయి. ఇది స్వచ్ఛమైన హాస్యం, దీనిలో సమాజాన్ని వెదకడం కోడిగుడ్డుకు ఈకలు పీకడమే అన్నది మొదటిది. రెండవది మన మిత్రుల్లోనే కొందరిది: ఇది పల్లెటూరివాణ్ణి వెక్కిరించే రచన, తెల్లవాడి మర్యాదే మర్యాద అని ఒప్పుకొన్న బానిస నవ్వు అని. మొదటివారు నవ్వును చూసి కారణాన్ని చూడరు. రెండవవారు కారణాన్ని చూసి, నవ్వు ఏ దిక్కుగా పోతున్నదో చూడరు.

ఆ టోపీ ఘట్టాన్ని నేను తరగతిలో చెప్పినప్పుడు అందరూ నవ్వారు. నవ్వు సద్దుమణిగాక వెనక బల్ల మీది విద్యార్థి ఒకడు లేచి, “మాస్టారూ, వాడికి ఏ టోపీ ఎవరిదో ఎవరైనా ఎప్పుడైనా చెప్పారా?” అని అడిగాడు. ఆ ప్రశ్నకు తరగతి మళ్ళీ నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఎన్నో వ్యాసాలు చదివినా నాకు తట్టని విషయాన్ని ఆ కుర్రవాడు సూటిగా పట్టుకున్నాడు.

నిజమే, ఎవరూ చెప్పలేదు. ఇంగ్లీషు చదువు అతనికి ఆ దేశపు రాజుల పేర్లు చెప్పి ఉంటుంది, వ్యాకరణం చెప్పి ఉంటుంది. ఆ దేశంలో మనిషిగా తిరగడానికి కావలసిన చిన్న సంగతి ఒక్కటీ చెప్పలేదు. వలస పాలన మన చదువుకున్న మధ్యతరగతికి పెట్టిన మెలిక ఇది: నాలాగా కమ్మని ఊరిస్తుంది, ఎలా కావాలో చెప్పదు, కాలేకపోతే నవ్వుతుంది. పార్వతీశం అజ్ఞానం అతని పల్లెటూరి పుట్టుకలో లేదు. తన ఊళ్ళో అతను టోపీ తప్పు పెట్టుకోలేదు, ఎందుకంటే అక్కడ టోపీ అవసరమే లేదు. అవసరాన్ని కల్పించినవాడొకడు, నవ్వులపాలైనవాడొకడు.

ఇది కల్పనలోని మాటేనా? చరిత్రలో ఇంకొక బారిష్టరు విద్యార్థిని చూద్దాం. మోహన్‌దాస్ గాంధీ 1888 సెప్టెంబరు చివర ఇంగ్లండు ఒడ్డున దిగినప్పుడు తెల్ల ఫ్లానెల్ దుస్తులు వేసుకున్నాడు. ఆ ఋతువులో ఆ వేషంలో ఉన్నవాడు తానొక్కడే అని దిగాక తెలిసింది. మిగతా బట్టలున్న సామాను చేతికి రాలేదు. ఆ రోజు శనివారం కావడంతో సోమవారం దాకా ఆ తెల్లబట్టలతోనే సిగ్గుపడుతూ గడపవలసి వచ్చింది. చూడవచ్చిన మిత్రుడి పట్టుటోపీని ముచ్చటపడి చేత్తో నిమిరి, దాని నూగును ఎదురు దిక్కుకు చెదరగొట్టి మందలింపు తిన్నాడు. తరువాత కొంతకాలం తానే పంతొమ్మిది షిల్లింగుల టోపీ కొన్నాడు, బాండ్ వీధిలో పది పౌన్లు పోసి సాయంకాలపు సూటు కుట్టించుకున్నాడు, నాట్యం నేర్చుకోబోయాడు. ఇదంతా ఆయన తన ఆత్మకథలో దాచకుండా చెప్పుకొన్నాడు. టోపీ దగ్గర పార్వతీశానికీ గాంధీకీ తేడా లేదు.

అంతకన్న విచిత్రం బారిష్టరు చదువులోనే ఉంది. ఆ రోజుల్లో బారిష్టరు కావడానికి పరీక్షలు ప్యాసయితే చాలదు. పన్నెండు టెరములు, అంటే సుమారు మూడేళ్ళు, ఇన్నులో హాజరు వేయించుకోవాలి. హాజరు అంటే భోజనం! టెరముకు ఇరవై నాలుగు విందులు జరిగితే కనీసం ఆరింటికైనా పోయి బల్ల దగ్గర కూర్చోవాలి. నలుగురేసి విద్యార్థులకు రెండేసి సీసాల ద్రాక్షసారా ఇచ్చేవారట. తాగని గాంధీని తమ నలుగురిలో చేర్చుకోవడానికి తోటివారు పోటీపడేవారట. దీన్ని చదివి మనం నవ్వుకుంటాం. కాని ఒక్క నిమిషం ఆగి చూస్తే, ఇక్కడ ఆచారం వింత కాదు, గేటు. ఏ కత్తి ఏ చేత పట్టాలో తెలిసినవాడే న్యాయవాది కాగలడని చెప్పకుండానే చెప్పే గేటు. మన దేశంలో కులం చేసిన పనిని అక్కడ భోజనపు బల్ల చేసింది. ఆచారాన్ని గమనించే రచయిత ఈ గేటును చూపించాలి. చూపించనివాడు బొమ్మల దుకాణంలో తిరిగే పిల్లవాడు.

మరి పార్వతీశాన్ని రచయిత వెక్కిరించాడా? కథ చెప్పేవాడు పార్వతీశమే అన్న సంగతి ఇక్కడ ముఖ్యం. తన అగచాటును తానే, కొంత ఎడంగా నిలబడి చెబుతున్నాడు. పైనుంచి చూసి నవ్వే నవ్వు వేరు, తన్ను తాను చూసుకొని నవ్వే నవ్వు వేరు. రెండవదానిలో సిగ్గు కరిగిపోతుంది. సిగ్గు కరిగినచోట మర్యాద పట్టు సడలుతుంది. పార్వతీశం చెప్పే తీరుతో టోపీ నవ్వులపాలవుతుంది గాని తల కాదు. ఈ సంగతిని మన తీవ్రవాద విమర్శక మిత్రులు గుర్తించలేదు. పుస్తకం వచ్చిన కాలాన్నీ చూడాలి. 1921 సెప్టెంబరు 22న మదురైలో గాంధీ సూటునూ ధోవతినీ కూడా దాటి కొల్లాయిగుడ్డకు వచ్చాడు. సీమ గుడ్డలు వీధుల్లో తగలబడుతున్న రోజులవి. తరువాత మూడేళ్ళకు పార్వతీశం టోపీ తెలుగు ఇళ్ళలో నవ్వు పుట్టించింది. రాజకీయోద్యమం ఏ వేషాన్ని విడిచిపెట్టమన్నదో ఆ వేషాన్నే ఈ హాస్యం పలచన చేసింది. రచయిత ఆ ఉద్దేశంతోనే రాశాడని నేననను. పాఠకుల నవ్వులో ఆ గాలి కూడా ఉండి ఉంటుందంటాను.

అయితే మెప్పు ఇక్కడ ఆగాలి. పార్వతీశం అగచాట్లు మనల్ని నవ్వించగలుగుతున్నాయంటే దానికొక ఆర్థిక పునాది ఉంది. అతని వెనుక ఇల్లుంది, పొలముంది, తప్పు చేసినా మళ్ళీ నిలబెట్టగల కుటుంబముంది. టోపీ తప్పయితే పరువు పోతుంది, కూడు పోదు. ప్రయాణపు అగచాటు హాస్యం కావాలంటే తిరుగు టిక్కెట్టు జేబులో ఉండాలి.

మన భాషలో తొలి యాత్రాచరిత్రల్లో ముఖ్యమైన ఏనుగుల వీరాస్వామి ‘కాశీయాత్ర చరిత్ర’లో కూడా ఈ పునాది కనిపిస్తుంది. 1830 మేలో మద్రాసు నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చిన ఆయన మజిలీ మజిలీకీ ఊరెంత, అంగళ్ళున్నాయా, నీళ్ళెలాంటివి, ఏ కులాలవారున్నారు, ఏ ఆచారం నడుస్తున్నది అని రాసిపెట్టాడు. 1838లో అచ్చయిన ఆ గ్రంథం ఇప్పటికీ చరిత్రకారులకు గని. అంతటి పరిశీలన తెలుగులో మళ్ళీ అరుదుగా వచ్చింది. కాని ఆ పరిశీలన పల్లకి కిటికీలోంచి జరిగింది. పల్లకి మోసిన బోయీలు కూడా మద్రాసు నుంచి కాశీకి నడిచారు. వాళ్ళ కాళ్ళకూ కొత్త దేశపు ముళ్ళు గుచ్చుకున్నాయి, వాళ్ళ చెవులకూ కొత్త భాషలు వినబడ్డాయి. వాళ్ళ యాత్రాచరిత్ర ఏదీ? వీరాస్వామిని తప్పుపట్టడానికి ఇది అనడం లేదు. ఆయన తన కాలానికి చేయగలిగినదానికన్న ఎక్కువే చేశాడు. మన సాహిత్య చరిత్రలోని ఖాళీని ఎత్తి చూపడానికి అంటున్నాను.

ఈ ఖాళీ చాలా పెద్దది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన ‘ట్రూరో’ అనే ఓడ నాటాల్‌లోని డర్బన్ రేవు చేరింది. అందులో చెరకు తోటల గిర్మిట్ కూలీలున్నారు. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. అంతకుముందే మారిషస్‌కు వెళ్ళినవాళ్ళున్నారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు బర్మాలో తెలుగు కూలీకి పేరైపోయింది. 1942లో జపాను దాడి నుంచి పారిపోయి కొండలూ అడవులూ దాటి కాలినడకన వచ్చినవాళ్ళలో వీళ్ళూ ఉన్నారు. వీళ్ళు కూడా సముద్రం దాటారు, పరాయి దుస్తులు చూశారు, పరాయి తిండి తిన్నారు, తప్పు మాట పలికి దెబ్బలు తిన్నారు. బారిష్టరు విద్యార్థికి టోపీ సమస్య. గిర్మిట్ కూలీకి డిపోలో ఇచ్చింది అంకె వేసిన రేకుబిళ్ళ. రెండూ ఒకే సామ్రాజ్యం మనవాళ్ళ ఒంటిమీద పెట్టిన వస్తువులే. ఒకదాని మీద మనకు నవలలున్నాయి. రెండవది తెలుగు సాహిత్యంలోకి రావలసినంత రాలేదు.

ఇది గడిచిన కథ అనుకోనక్కరలేదు. కరీంనగర్, నిజామాబాదు పల్లెల నుంచి గల్ఫుకు పోయే మగవాళ్ళూ, కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్‌లో ఇంటిపనికి పోయే ఆడవాళ్ళూ ఈనాటి యాత్రికులు. యజమాని ఒప్పుకోనిదే పని మారలేని కఫాలా పద్ధతి అక్కడ దశాబ్దాలు నడిచింది. పని మారడానికి యజమాని అనుమతి పత్రం అవసరం లేదని కతార్ 2020లో చట్టం చేసింది. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉన్న మనిషికి ఆ దేశపు ఆచారం గమనించడం వినోదం కాదు, బతుకుతెరువు. ఇంట్లో పెద్దావిడ ముందు ఎలా నిలబడాలి, తల మీద గుడ్డ ఎప్పుడు కప్పుకోవాలి, ఏ మాటకు కోపం వస్తుంది అన్నది ఆ పనిమనిషికి తెలిసినంతగా ఏ యాత్రారచయితకూ తెలియదు. ఆమె చూసిన అరబ్బు ఇల్లు విమానం దిగి వారం రోజుల్లో పుస్తకం రాసే పెద్దమనిషికి కనబడదు. అతనికి కనబడేది వీధిలో నడిచే బట్టలు. ఆమెకు కనబడేది ఆ బట్టలు ఉతికే చేతులు.

కనుక యాత్రా రచనను తూచడానికి మనకు కొన్ని కొలతలు కావాలి. రచయిత తన అగచాటులో తన అజ్ఞానాన్ని చూశాడా, లేక ఎదుటివారి వింతను మాత్రమే చూశాడా అన్నది మొదటి కొలత. ఒక దుస్తును వర్ణించేటప్పుడు దాన్ని నేసినవారినీ, దాన్ని ధరించక తప్పనివారినీ, ధరించే హక్కు లేనివారినీ తలుచుకున్నాడా అన్నది రెండవది. తన సామాను మోసిన మనిషికి తన పుస్తకంలో నోరు ఇచ్చాడా అన్నది మూడవది. ఈ కొలతలకు ‘బారిష్టరు పార్వతీశం’ మొదటిదానిలో ఘనంగా నెగ్గుతుంది, తక్కిన రెంటిలో దాని తరగతి హద్దుల దగ్గర ఆగిపోతుంది. అందుకని దాన్ని చదవడం మానాలా? మానకూడదు. నవ్వుతూనే చదవాలి, ఆ నవ్వు ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకోవాలి.

అధ్యాపక మిత్రులకు ఒక మనవి. ఈ పాఠం చెప్పేటప్పుడు టోపీ దగ్గర నవ్వించి ఊరుకోకండి. తరగతిలో ఎవరింట్లోనైనా దుబాయికో మస్కటుకో వెళ్ళినవాళ్ళుంటే, వాళ్ళ మొదటి రోజు ఎలా గడిచిందో అడిగి రాసుకురమ్మనండి. భాష ఎలా ఉన్నా ఫరవాలేదు. మోతగాడి యాత్రాచరిత్ర తెలుగులో మొదలు కావలసింది ఆ నోటుపుస్తకాల్లోనే.