కొలబద్ద ఎవరి చేతిలో?

1967 ఫిబ్రవరిలో న్యూయార్కు నగరంలోని టౌన్ హాలులో ఒక అందాల పోటీ జరిగింది. అమెరికాలోని వేర్వేరు ఊళ్ల నుంచి వచ్చిన పోటీదారులు గౌన్లు తొడుక్కుని, విగ్గులు సవరించుకుని, ఎత్తు మడమల చెప్పులతో వేదిక మీద నడిచారు. వాళ్లంతా పుట్టినప్పుడు మగపిల్లలుగా లెక్కలో పడ్డవాళ్లే. ఆ పోటీనీ, దానికి ముందు జరిగిన సన్నాహాలనూ ఫ్రాంక్ సైమన్ అనే దర్శకుడు చిత్రించి 1968లో ‘ది క్వీన్’ అనే డాక్యుమెంటరీగా తెచ్చాడు. నిడివి గంటా ఎనిమిది నిమిషాలు. చాలాకాలం మరుగున పడి ఉన్న ఈ చిత్రాన్ని బాగుచేసి 2019లో మళ్లీ విడుదల చేశారు. బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి పోయిన సెలవుల్లో తన కంప్యూటరులో నాకు చూపించింది.

నేను వాణిజ్యశాస్త్రం చదువుకుని బ్యాంకులో చేరినవాణ్ణి. చలనచిత్రాల వ్యాకరణం నాకు తెలియదు. అయితే ఈ చిత్రం ఆసాంతం మదింపు గురించినది. ఒక మనిషి విలువ ఎంతో ఇంకో మనిషి కాగితం మీద అంకె వేసి తేల్చడం. ముప్ఫై ఏళ్లకు పైగా నేను చేస్తూ వచ్చిన పనీ అదే కనుక, నాలుగు మాటలు చెప్పే సాహసం చేస్తున్నాను.

ముందు చిత్రంలోని మంచి చెప్పుకోవాలి. దర్శకుడు వేదిక మీద ఎంతసేపు ఉన్నాడో, హోటలు గదుల్లోనూ అంతసేపూ ఉన్నాడు. పోటీదారులు పెట్టెలు మోసుకుంటూ వస్తారు. గడ్డాలు గీసుకుంటారు. రంగు పూసుకుంటూ కబుర్లలో పడతారు. ఆ రోజుల్లో వియత్నాం యుద్ధం జరుగుతోంది. సైన్యంలో నిర్బంధంగా చేర్చుకునే బోర్డు ముందుకు వెళ్లిన అనుభవాలు చెప్పుకుంటారు. ఇంట్లోవాళ్ల గురించీ, స్నేహితుల గురించీ మాట్లాడుకుంటారు. శస్త్రచికిత్స చేయించుకుని పూర్తిగా స్త్రీగా మారిపోవడం గురించి చర్చ వస్తుంది. నాకలాంటి కోరికే లేదని కొందరు తేల్చి చెప్పేస్తారు. అంటే అందరినీ ఒకే గంపలో వేయడానికి వీల్లేదన్నమాట. ఆ పోటీలో గెలిచిన హార్లో మాత్రం 1970లలో శస్త్రచికిత్స చేయించుకుని స్త్రీగానే స్థిరపడింది. ఇవాళ మనం ట్రాన్స్‌జెండర్ అనే మాట వాడుతున్నాం. ఆ గదుల్లో ఉన్నవాళ్ల దగ్గర ఆ మాట లేదు. మాట లేకపోయినా మనిషి ఉన్నాడు, ఉంది, ఉన్నారు.

చిత్రం వీళ్లను చూసి నవ్వదు. ‘ఎందుకిలా అయ్యారు?’ అని అడగదు. ఆడవేషంతో వీధిలో కనబడితే పోలీసులు పట్టుకుపోయే కాలంలో, న్యూయార్కులో స్టోన్‌వాల్ తిరుగుబాటు ఇంకా రెండేళ్ల దూరంలో ఉండగా, కెమెరా ఇంత నెమ్మదిగా ఒక మంచం అంచున కూర్చుని విన్నదంటే అది చిన్న విషయం కాదు. మన సినిమాల్లో ఇలాంటి పాత్ర తెర మీదికి వచ్చిందంటే చప్పట్ల శబ్దమూ, దాని వెంట నవ్వూ రావాలన్నది ఎంతకాలం రివాజుగా నడిచిందో మనకు తెలియనిది కాదు. అవి చూసి నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఇక లోపం సంగతి. పోటీని నిర్వహించిన వ్యక్తి జాక్ డొరొషో. వేదిక మీద పేరు ఫ్లాలెస్ సబ్రీనా. ఊరు ఫిలడెల్ఫియా. మాటకారి, ఓర్పున్న మనిషి, అందరికీ పెద్దతల్లిలా వ్యవహరిస్తుంది. చిత్రంలో కథ చెప్పే గొంతు కూడా ఆమెదే. గెలిచిన హార్లోది కూడా ఫిలడెల్ఫియానే. విగ్గు విషయంలో ఆ అమ్మాయి చిన్నబుచ్చుకుంటే ఓదార్చే చేతులు ఎన్నో. న్యాయనిర్ణేతల బల్ల దగ్గర ఆండీ వార్హోల్, లారీ రివర్స్ లాంటి చిత్రకారులూ, టెర్రీ సదర్న్ లాంటి రచయితా కూర్చుని ఉన్నారు.

బ్యాంకులో మొదటిరోజే నేర్పే పాఠం ఒకటుంది. వోచరు రాసినవాడు వోచరు పాస్ చేయకూడదు. రాసేది ఒకరు, సరిచూసేది ఇంకొకరు. రాసినవాడు దొంగని కాదు, తన తప్పు తనకు కనబడదు కనుక. ఈ చిత్రంలో ఆ నియమం తప్పింది. పోటీ పెట్టినవారే పోటీ గురించి మనకు చెబుతున్నారు. తీర్పు మీద ఫిర్యాదు వచ్చినప్పుడు, ఆ ఫిర్యాదు ఎవరి మీదనో వారి గొంతుతోనే అప్పటిదాకా కథ విన్న ప్రేక్షకుడు ఎటు మొగ్గుతాడు?

ఆ ఫిర్యాదు చేసింది క్రిస్టల్ లబేజా. మిస్ మన్‌హాటన్‌గా పోటీకి వచ్చిన నల్లజాతి పోటీదారు. చివరి వరసలో నిలబడి, కిరీటం తనది కాదని తెలిసిన మరుక్షణం వేదిక దిగి వెళ్లిపోతుంది. తర్వాత తెర వెనక కొన్ని నిమిషాల పాటు ఆమె కోపం. హార్లో అలంకరణ చూడండి, అదా అందం అంటుంది. ఇదంతా ముందే అనుకుని చేశారంటుంది. కోర్టుకెక్కుతానంటుంది. తన రంగు చూపించుకునే హక్కు తనకుందంటుంది. తాను అందగత్తెననీ, ఆ సంగతి తనకు తెలుసుననీ అంటుంది. చుట్టూ ఉన్నవాళ్లు సర్దిచెప్పబోతారు. సబ్రీనా ఓపిగ్గా జవాబు చెబుతుంది. అంతే. కెమెరా తన దారిన తాను పోతుంది.

మొదటిసారి చూసినప్పుడు, ఓడినవాళ్ల ఉక్రోషం అనుకున్నాను. ఆ మాటే పైకి అన్నాను కూడా. మా అమ్మాయి ఏమీ అనలేదు. చిత్రాన్ని వెనక్కి జరిపి, ఆ న్యాయనిర్ణేతల బల్ల దగ్గర ఆపి, “ఇందులో క్రిస్టల్ తరఫువాళ్లు ఎవరున్నారు నాయనా?” అని అడిగింది. మళ్లీ చూశాను. హార్లో అందం ఎలాంటిది? బక్కపలచని ఒళ్లు, తెల్లని చర్మం, లేత జుట్టు. ఆనాటి అమెరికా పత్రికల అట్టల మీద ఉన్న అందం. కొలబద్ద పోటీకి ముందే తయారై ఉంది. దాన్ని ఎవరూ దురుద్దేశంతో వంచనక్కరలేదు. అది ఎవరి ఒంటి కొలతతో చేసిందో వాళ్లకే సరిపోతుంది. క్రిస్టల్ ఆరోపించినట్టు ముందే మాట్లాడుకుని చేశారా అన్నదానికి చిత్రంలో రుజువు లేదు. కానీ ఆమె కోపానికి రుజువు అక్కర్లేదు. అది లెక్కలో తప్పు గురించి కాదు, లెక్కల పుస్తకమే ఎవరిదన్న దాని గురించి.

తర్వాత చరిత్రలో జరిగింది చిత్రంలో లేదు, కానీ చిత్రం విలువను అదే మార్చింది. 1970ల ఆరంభంలో న్యూయార్కులోని హార్లెం పేటలో క్రిస్టల్, తన స్నేహితురాలు లాటీతో కలిసి నల్లజాతి వారి కోసం ‘హౌస్ ఆఫ్ లబేజా’ పేరుతో ఒక ఇంటిని మొదలుపెట్టింది. ఇల్లంటే గోడలూ పైకప్పూ కాదు. పెద్దగా ఒక తల్లి, ఆమె చుట్టూ సొంత ఇళ్లు వెళ్లగొట్టిన పిల్లలు, వాళ్లు కలిసి పాల్గొనే పోటీలు. అక్కడ నిర్ణేతలూ వాళ్లే, ప్రేక్షకులూ వాళ్లే, కొలబద్దా వాళ్లదే. ఆ దారిలో మరిన్ని ఇళ్లు వెలిశాయి. వాటి గురించే 1990లో జెనీ లివింగ్‌స్టన్ ‘పారిస్ ఈజ్ బర్నింగ్’ అనే ప్రసిద్ధ డాక్యుమెంటరీ తీసింది. అందులో లబేజా ఇంటికి పెద్దతల్లిగా పెప్పర్ లబేజా కనిపిస్తుంది. మొదటి చిత్రంలో అలిగి వెళ్లిపోయిన మనిషి పెట్టిన ఇల్లు రెండో చిత్రం నాటికి పిల్లాపాపలతో నిండి ఉంది. ఈ రెంటినీ ఒకదాని తర్వాత ఒకటి చూడమని నా మనవి. అయితే రెండో చిత్రమూ మచ్చలేనిది కాదు. అది డబ్బు చేసుకున్నాక మాకేం ముట్టిందని అందులో కనిపించినవాళ్లు అడిగారు. మదింపు చేసేవాడికీ, మదింపుకు గురయ్యేవాడికీ మధ్య లెక్క ఎప్పుడూ ఒక పట్టాన తెగదు.

ఇంతదూరం న్యూయార్కు గురించి రాస్తూ మన ఇరుగుపొరుగు మాట ఎత్తకపోతే అది కపటమే అవుతుంది. తమిళనాడులో ఉన్న మనవాళ్లకు కూవాగం తెలియనిది కాదు. చిత్తిరై పౌర్ణమినాడు కూత్తాండవర్ గుడిలో అరవానుకు వధువులుగా తాళి కట్టించుకుని, మర్నాడు ఆ తాళి తెంచుకునే తిరునంగైలు దేశం నలుమూలల నుంచీ వస్తారు. ఆ రోజుల్లోనే విళుపురంలో ‘మిస్ కూవాగం’ అందాల పోటీ జరుగుతుంటుంది. 2011 ప్రాంతంలో ఆ ఊళ్లో నేను ఉద్యోగం చేస్తున్నాను. ఊరంతా ఆ పోటీ చూడడానికి ఎగబడుతుంది. పోటీ అయిన మర్నాడు అదే ఊళ్లో వాళ్లకు అద్దెకు గది దొరకదు.

ఒకనాడు మా కౌంటరు దగ్గరికి ఒకామె వచ్చింది. చీర, జడలో కనకాంబరాలు. ఖాతా మాత్రం మగపేరుతో ఉంది. పేరు మార్చమని అర్జీ తెచ్చింది. నేను ఫోనులో మా ఇంటివాళ్లతో మాట్లాడడం విని, “మీరూ తెలుగువాళ్లేనా సార్?” అని అడిగింది. చిత్తూరు వైపు నుంచి చిన్నప్పుడే వచ్చేసిందట. “రండి, కూర్చోండి” అన్నాను. మన భాషలో ఆ గౌరవవాచకం ఎంత ఉపకారి! ‘మీరు’ అన్నప్పుడు ఆడా మగా అని అడగదు. ‘వచ్చారు’ అన్నప్పుడూ అడగదు. కానీ నా ముందున్న ఫారం అడిగింది. సంతకం తేడా ఉందన్నాను. నోటరీ దగ్గర అఫిడవిట్ తెమ్మన్నాను. అది తెస్తే గెజిట్‌లో ప్రకటన కావాలన్నాను. నిబంధన ప్రకారం నాది తప్పు కాదు. మూడోసారి ఆమె రాలేదు. 2014లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2015 ఏప్రిల్‌లో బ్యాంకు ఫారాలలో మూడో గడి ఉండాలని రిజర్వు బ్యాంకు ఉత్తర్వు వచ్చింది. అప్పటికి నాకు బదిలీ అయిపోయింది. కొత్త ఫారం మొదటిసారి చేతికి వచ్చినప్పుడు ఆ కనకాంబరాలు గుర్తొచ్చాయి. ‘ది క్వీన్’లో న్యాయనిర్ణేతల బల్ల చూసినప్పుడు మళ్లీ గుర్తొచ్చాయి. ఆ బల్లకు ఇవతలివైపు కూర్చున్నది నేను.

అవతలివైపు నిలబడ్డ అనుభవం మనకూ కొద్దిగా ఉంది. మా అమ్మాయి హోసూరు బడిలో చదివేటప్పుడు పద్యపఠనం పోటీలో పాల్గొంది. ఆంధ్ర నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన నిర్ణేత. “ధారణ బాగుందమ్మా, కానీ తమిళం వాసన వేస్తోంది” అని మార్కులు తగ్గించాడు. ఆ వాసన మా తాతల నాటిది. హోసూరు గడ్డ మీద తరతరాలుగా మాట్లాడిన తెలుగు అది. పిల్ల మళ్లీ ఏ పోటీకీ పేరివ్వలేదు. నేను ఆ రోజు ఆ పెద్దమనిషికి కాఫీ ఇచ్చి సాగనంపాను. ఈ రెండు సంగతులనూ ఒకే త్రాసులో పెట్టడం లేదు. క్రిస్టల్‌ లాంటివాళ్లు ఒంటినీ బతుకునూ పణంగా పెట్టి వేదిక ఎక్కారు, మనకు పోయింది పది మార్కులు. కానీ దూరాన ఎక్కడో తయారైన కొలబద్దతో మన పిల్లల నాలుకను కొలిపించుకుని, తక్కువొచ్చిందని తలదించుకునే అలవాటు మనకు లేదని చెప్పగలమా?

చిత్రం మీద నా తీర్పు ఇది. ‘ది క్వీన్’ ఉదారమైన చిత్రం, నిజాయితీ గల చిత్రం. తనకు అర్థం కాని దాన్ని కూడా కత్తిరించి పారెయ్యకపోవడం దాని గొప్పతనం. క్రిస్టల్ కోపం కథకు అడ్డమని ఎడిటింగు బల్ల మీద తీసేసి ఉంటే అడిగేవాళ్లు లేరు. తీసెయ్యలేదు. అందువల్లే యాభై ఏళ్ల తర్వాత చూసేవాళ్లు గెలిచినామె నడక కన్నా వెళ్లిపోయినామె మాటలు ఎక్కువ గుర్తుపెట్టుకుంటున్నారు. లెక్క రాసినవాడికి తన తప్పు కనబడలేదు, కానీ వోచరు చించెయ్యలేదు. ఆడిటుకు అది చాలు.

చిత్రం అయిపోయాక మా అమ్మాయిని ఒక మాట అడిగాను. “ఆ పద్యం ఇంకా గుర్తుందా?” అని. గుర్తుందంది. చదివి వినిపించింది. హోసూరు యాసలోనే.