పలెర్మోలో ఒక పగటి యాత్ర: గైడు చెప్పేది, చెప్పనిది

సిసిలీ ద్వీప రాజధాని పలెర్మోలో గైడు వెంట తిరిగే ఒక రోజు కార్యక్రమం ఎవరు నడిపినా ఇంచుమించు ఒకే తీరుగా సాగుతుంది. ఉదయం రాజప్రాసాదం, అందులోని పాలటైన్ ప్రార్థనాలయం. ఆపైన ఎర్రగుమ్మటాల సాన్ జొవాన్నీ, కెథెడ్రల్, మార్తొరానా, సాన్ కతాల్దో. వ్యవధి చాలితే జీసా సౌధం. సాయంకాలానికి బస్సు మోన్‌రియాలె కొండ ఎక్కుతుంది. 2015లో యునెస్కో ఈ కట్టడాలలో ముఖ్యమైనవాటిని ‘అరబ్-నార్మన్ పలెర్మో’ పేరిట ప్రపంచ వారసత్వ సంపదగా ప్రకటించిన తరువాత ఈ బాట మరింత స్థిరపడింది. గైడు చెప్పే కథ కూడా స్థిరపడింది. అరబ్బులు వచ్చారు, నార్మనులు వచ్చారు, అందరూ ఒకరి కళను ఒకరు మెచ్చుకొని, ఒకే కప్పు క్రింద, పరస్పర సహనంతో జీవించారన్నది దాని సారాంశం. ఇందులో అబద్ధం పెద్దగా లేదు. విడిచిపెట్టినదే చాలా ఉంది.

మొదట పేరు సంగతి. క్రీ.శ. 827లో మజారా తీరాన దిగిన సైన్యానికి నాయకుడు ఖైరవాన్ ఖాజీ, ప్రఖ్యాత ధర్మశాస్త్రవేత్త అసద్ బిన్ అల్ ఫురాత్. ఆయన మరుసటి యేడే సిరక్యూజ్ ముట్టడిలో మరణించాడు. పలెర్మో 831లో స్వాధీనమైంది. ఆ సైన్యంలోనూ, తరువాత వచ్చి స్థిరపడినవారిలోనూ అరబ్బులతోపాటు బర్బరులూ, అందలూసీయులూ, ఇతరులూ ఉన్నారు. వీరందరినీ కలిపినది వంశం కాదు, ఇస్లాం. పందొమ్మిదవ శతాబ్దిలో ఈ చరిత్రను మూలగ్రంథాలనుండి త్రవ్వితీసిన సిసిలీ పండితుడు మికేలె అమారీ తన మహాగ్రంథానికి ‘సిసిలీ ముస్లిముల చరిత్ర’ అనే పేరు పెట్టాడు. ఆయన ముస్లిం కాడు. అయినా ఆ పదం వ్రాయడానికి వెనుకాడలేదు. నేటి ఫలకాలమీద ఆ స్థానంలో ‘అరబ్’ అని కనబడుతుంది. ధర్మాన్ని జాతిగా మార్చితే దానిని శైలిగా, అలంకారంగా చూపడం సులభమవుతుంది. తోరణం అరబ్బుది, గుమ్మటం అరబ్బుది. నమాజు చేసిన మనిషి మాత్రం ఎక్కడా కనిపించడు.

పాలటైన్ ప్రార్థనాలయంలో గైడు తల పైకెత్తమంటాడు. నిజంగా ఎత్తవలసినదే. రెండవ రోజర్ కట్టించిన, 1140లో ప్రతిష్ఠ జరిగిన ఆ మందిరపు మధ్యభాగాన చెక్కతో మలచిన ముఖర్నస్ కప్పు ఉంది. దానిమీద కూఫీ లిపిలో శుభాకాంక్షల పదాలు, వాటి నడుమ వాద్యకారులు, నర్తకులు, పానపాత్రలు పట్టిన పురుషులు. ఇక్కడ మన యాత్రికులలో కొందరు పొరపడతారు. కూఫీ అక్షరం కనబడగానే ‘ఇది మన మస్జిద్’ అని చెమ్మగిల్లిన కళ్ళతో అనుకుంటారు. అది ఎన్నడూ మస్జిద్ కాదు. క్రైస్తవ రాజు తన దర్బారు వైభవానికి ముస్లిం శిల్పుల పనితనాన్ని వినియోగించుకున్న చోటు అది. రాజు మతానికి మొజాయిక్, రాజు విలాసానికి ముఖర్నస్. ఆ చేతివిద్య మనదని చెప్పుకోవచ్చు. ఆ కప్పు క్రింద జరిగినది మనది కాదు. సాన్ జొవాన్నీ, సాన్ కతాల్దోల గుమ్మటాల ఎరుపు కూడా పందొమ్మిదవ శతాబ్ది చివర జరిగిన మరమ్మతుల ఫలితం. ఆ రంగును చూసి తూర్పుదేశాల సుగంధం పీల్చేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

ప్రార్థనాలయపు గోడమీద ఒక చిన్న శాసనం ఉంది. రోజర్ చేయించిన నీటి గడియారాన్ని గురించి లాటిన్, గ్రీకు, అరబీ మూడు భాషలలోనూ చెక్కినది, 1142 నాటిది. గైడులు దీనిని సహజీవనానికి సాక్ష్యపత్రంగా చూపుతారు. అరబీ పాఠంలోని సంవత్సరం హిజ్రీ 536. సరిగ్గా ఆ హిజ్రీ సంవత్సరంలోనే, సముద్రానికి ఆవలి ఒడ్డున, ఇమాం అల్ మాజరీ మరణించారు. ఆయన పేరులోని మజారా ఈ సిసిలీ పట్టణమే. ఆయన ముందు ఒక ప్రశ్న పెట్టబడింది: అవిశ్వాసి రాజు నియమించిన సిసిలీ ఖాజీ తీర్పులు చెల్లుతాయా? అక్కడి ముస్లింల సాక్ష్యం స్వీకరించదగినదేనా? ఆయన సమాధానం కఠినంగా లేదు. తోటి ముస్లింను గురించి మంచినే తలచాలని, నిర్బంధంవల్లనో సదుద్దేశంతోనో అక్కడ నిలిచినవారి నిజాయితీని శంకించరాదని, అవసరార్థం జరిగిన నియామకంవల్ల తీర్పు చెడదని ఆయన చెప్పారు. శాసనంలో రాజు స్వరం వినబడుతుంది. ఆ రాజు ఏలుబడిలో బ్రతికిన సామాన్యుడి సంకటం వినాలంటే ఈ ఫత్వా చదవాలి. పర్యాటక గ్రంథాలలో దీని ఊసు లేదు.

మార్తొరానా వద్ద ఇబ్నె జుబైర్ పేరు తప్పక వస్తుంది. హజ్జునుండి తిరిగివస్తూ 1184 డిసెంబరులో మెసీనా దగ్గర ఓడ పగిలి, బ్రతికి బయటపడి పలెర్మో చేరిన ఈ అందలూసీ యాత్రికుడు, క్రిస్మస్ నాడు ఆ చర్చి బంగారు గోడలను చూసి అబ్బురపడ్డాడు. క్రైస్తవ స్త్రీలు ముస్లిం స్త్రీలవలె ముసుగులు ధరించి, గోరింట పెట్టుకొని పండుగకు వచ్చారని వ్రాశాడు. రాజు విలియం అరబీ చదివి వ్రాయగలడని కూడా వ్రాశాడు. గైడులు ఇంతవరకే చెప్పి ఊరుకుంటారు. అతని ‘రిహ్లా’లో పుట తిప్పితే మరొకటి కనబడుతుంది. పలెర్మోలో మస్జిద్‌లున్నాయి, అజాన్ వినబడుతుంది, ఖాజీ ఉన్నాడు. కాని ఖుత్బాకు అనుమతి లేనందున జుమా జరగదు, ఈద్ నాడు మాత్రమే ఖుత్బా. మెసీనాలో రాజసేవకుడైన ఒక ఖోజా గదిలో ఎవరూ లేకుండా చూసుకొని, తాను విశ్వాసాన్ని దాచుకొని బ్రతుకుతున్నానని చెప్పి, మక్కా నుండి తెచ్చిన వస్తువేదైనా ఇవ్వమని బ్రతిమాలాడు. సిసిలీ ముస్లింల పెద్ద ఇబ్నె హమ్మూద్, తాను కుటుంబంతోసహా బానిసగా అమ్ముడుపోయినా బాగుండునని, ఆ విధంగానైనా ముస్లిం దేశం చేరవచ్చునని అన్నాడు. త్రాపానీలో ఒక పెద్దమనిషి, ముక్కుముఖం తెలియని హాజీకి తన కూతురినిచ్చి వెంట తీసుకుపొమ్మన్నాడు. ఇంటిలో తండ్రి కోపగిస్తే కొడుకు చర్చికి పోయి మతం మార్చుకుంటాడేమోననే భయం ఇంటింటా ఉండేది.

ఇబ్నె జుబైర్ ఒక్కడే ఈ రెండింటినీ చూశాడు, రెండింటినీ వ్రాశాడు. రాజును మెచ్చుకున్నాడు, ఆ మెప్పు తనను మోసగించకూడదని దైవాన్ని వేడుకున్నాడు. నేటి గైడులు మొదటి సగాన్ని తీసుకుంటారు, మన వ్యాసకర్తలు పలువురు రెండవ సగాన్ని. ఆయన పుస్తకాన్ని ముక్కలు చేయడంలో ఉభయులూ సమానులే.

మోన్‌రియాలెలో అన్యాయం మరింత స్పష్టం. ఇక్కడి ప్రాంగణంలో 228 స్తంభాలున్నాయని గైడు లెక్క చెబుతాడు. మరొక లెక్క ఉంది. రెండవ విలియం ఈ మఠానికి విస్తారమైన భూములతోపాటు ఆ భూములను దున్నే కాపులను కూడా దానమిచ్చాడు. 1178, 1183 సంవత్సరాల పట్టికలలో ఆ కుటుంబ యజమానుల పేర్లు అరబీలోనూ గ్రీకులోనూ వరుసగా వ్రాయబడి నేటికీ ఉన్నాయి. వారిలో అత్యధికులు ముస్లింలు. బంగారు మొజాయిక్‌లను చూస్తున్న యాత్రికుడికి, ఆ మఠం తిన్న అన్నం ఎవరి చెమటదో తెలిపే ఈ జాబితాలోనుండి నాలుగు పేర్లు చదివి వినిపిస్తే ఎంత కాలం పడుతుంది?

తరువాతి కథను గైడులు ‘అరబ్బులు క్రమంగా వెళ్ళిపోయారు’ అనే ముక్కతో దాటవేస్తారు. 1161 తిరుగుబాటులోనే పలెర్మో ముస్లింలు ఊచకోతకు గురయ్యారు. 1189లో విలియం మరణించగానే మళ్ళీ దాడులు జరిగి, బ్రతికినవారు కొండలకు పారిపోయారు. విద్యాప్రియుడని పేరుపడిన రెండవ ఫ్రెడరిక్ వారిని అణచి, 1220ల నుండి ఇటలీ ప్రధాన భూభాగంలోని లూచేరాకు తరలించాడు. 1300లో అంజూ వంశపు రెండవ చార్లెస్ ఆ ఊరిని కూడా నాశనంచేసి, జనాన్ని బానిసలుగా అమ్మించాడు. ‘వెళ్ళిపోయారు’ అనే క్రియ దీనికి సరిపోదు.

కెథెడ్రల్ దక్షిణ ద్వారమండపంలో, ఎడమవైపు స్తంభంమీద దివ్యఖుర్ఆన్‌లోని అల్ ఆరాఫ్ సూరా 54వ ఆయతు చెక్కి ఉంది. రాత్రితో పగటిని కప్పే ప్రభువును గురించిన ఆయతు అది. ఆ స్థలంలో మస్జిద్ ఉండేది. దానికి ముందు చర్చి ఉండేదన్న సంగతిని కూడా దాచనవసరం లేదు. గైడు స్తంభాన్ని చూపుతాడు, యాత్రికులు ఫొటో తీసుకుంటారు. ఆయతు భావం చెప్పే గైడు అరుదు.

అక్కడినుండి కొద్ది దూరంలో, సెల్సో వీధిలో, ఒకప్పటి చర్చి భవనంలో నేడు మస్జిద్ నడుస్తోంది. బల్లరో బజారులో కూరగాయలు, బట్టలు అమ్ముకునే ట్యునీషియా, బంగ్లాదేశ్ వాసులవంటి వారు అక్కడ నమాజు చేస్తారు. జుమా కూడా జరుగుతుంది, ఖుత్బాతో సహా. పగటి యాత్ర పటంలో ఆ వీధికి గుర్తు పెట్టినవారు లేరు; బస్సు ఆ వేళకు మోన్‌రియాలె దారి పట్టి ఉంటుంది.