వేషం, అధికారం, చరిత్ర: ఆల్మా-తడేమా తొలి చిత్రం వెలుగులో 'రుద్రమదేవి'

ఉపోద్ఘాతం:
చారిత్రక దృశ్యంలోని దుస్తులు, ఆయుధాలు, కట్టడాలు ఆ కాలానికి తగినట్లు ఉన్నాయా అని విమర్శకులు తరచుగా ప్రశ్నిస్తారు. అవి కథలోని సంఘర్షణకు ఏ అర్థాన్ని ఇస్తున్నాయన్నది అంతకంటె ముఖ్యమైన ప్రశ్న. విక్టోరియన్ చిత్రకారుడు లారెన్స్ ఆల్మా-తడేమా తొలి చిత్రం ఒకదానిని ప్రమాణంగా తీసుకొని, ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ కేంద్రంగా ఎదిగిన తెలుగు చిత్రసీమ నుండి వెలువడిన గుణశేఖర్ 'రుద్రమదేవి' (2015)ని ఈ ప్రశ్నతో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

క్లోవిస్ కుమారుల విద్య:
1870లో లండన్‌లో స్థిరపడకముందు ఆల్మా-తడేమా ఆంట్వెర్ప్‌లో హెండ్రిక్ లేయ్స్ వద్ద పనిచేశాడు. 1861లో చిత్రించిన 'క్లోవిస్ కుమారుల విద్య' అతనికి పేరు తెచ్చింది. ఫ్రాంకుల రాజు క్లోవిస్ భార్య క్లోటిల్డా తన తల్లిదండ్రుల హత్యకు ప్రతీకారం కోరి, పసివారైన కుమారులకు గొడ్డలి విసరడం నేర్పిస్తున్న సన్నివేశమిది. ఇందులోని చలువరాయి జున్నులా ఉన్నదని లేయ్స్ ఆక్షేపించాడు. అయినా చిత్రం బలం తగ్గలేదు. బాలుని చేతిలోని గొడ్డలి కాలసూచకమైన వస్తువు మాత్రమే కాదు. తల్లి పగ బిడ్డకు వారసత్వంగా సంక్రమించడాన్ని అది చూపుతుంది. తరువాతి కాలంలో చలువరాయి చిత్రణకే ప్రసిద్ధుడైన ఈ చిత్రకారుని అనేక రోమన్ దృశ్యాలలో ఇంతటి నైతిక సంఘర్షణ కనిపించదు.

రుద్రమ వేషం:
తోట తరణి కళాదర్శకత్వంలోని 'రుద్రమదేవి'లో కోటలు, మండపాలు భారీగా రూపొందాయి. అయితే కథకు ఇరుసు వేషమే. ఆడశిశువును రాకుమారునిగా పెంచడం, ఆ రహస్యం బయటపడడం మీద కథ నడుస్తుంది. ఆ మేరకు ఇక్కడి దుస్తులు కేవలాలంకారాలు కావు. ఇది చిత్రానికి గల బలం.

అయితే చారిత్రకాధారాలు మరొక అన్వయానికి అవకాశమిస్తున్నాయి. శాసనాలు ఆమెను రుద్రదేవ మహారాజుగానూ పేర్కొన్నాయి. వరంగల్ కోటలోని స్వయంభూ దేవాలయ రంగమండపానికి చెందిన శిల్పంలో కత్తి, డాలు ధరించి సింహంపై కూర్చున్న స్త్రీమూర్తిని పండితులు రుద్రమగా గుర్తించారు. ఈ రెండింటినీ కలిపి చూస్తే, పురుషనామం స్త్రీత్వాన్ని దాచే ముసుగుగా కాక, సింహాసనానికి చెందిన అధికారనామంగా తోస్తుంది. స్త్రీగా కనిపిస్తూనే ఆమె మహారాజుగా వ్యవహరించింది. చలనచిత్రం ఈ రాజకీయాంశాన్ని రహస్యం, రహస్యభేదనం అనే కథాసూత్రంగా కుదించింది.

ముగింపు:
కల్పన చేసుకునే స్వేచ్ఛ సినిమాకు ఉన్నది. కాని నేటి విద్యార్థులలో పలువురికి రుద్రమ మొదట పరిచయమయ్యేది వెండితెర మీదనే. ఆమె పాలన మారువేషం వల్ల సాధ్యమైందన్న భావన వారిలో స్థిరపడితే, స్త్రీ బహిరంగంగా రాజ్యాధికారం వహించిందన్న అంశం మరుగున పడుతుంది. కాబట్టి చారిత్రక చలనచిత్ర విమర్శ సెట్టుల సాధికారతను పరీక్షించడంతో ఆగక, వేషానికి చిత్రం కల్పించిన అర్థాన్ని శాసన, శిల్పాధారాలతో పోల్చి చూడవలసి ఉంది.