హాస్యానికి విభక్తి: పరాచికం, జోకు, మజాక్

హాస్య రచనను విమర్శించేటప్పుడు 'నవ్వు వచ్చిందా?' అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ఎవరితో కలిసి నవ్వుతున్నాం, ఎవరిని చూసి నవ్వుతున్నాం అని కూడా అడగాలి. ఈ తేడాను తెలుగులో క్రియలు, విభక్తులే పట్టిస్తాయి. మరదలితో పరాచికాలు 'ఆడతాం'. ఆటకు ఇద్దరు కావాలి. ఒకరిని ఎగతాళి 'చేస్తాం'. అక్కడ ఎదుటి మనిషి కర్మ మాత్రమే. ఇంగ్లీషు నుంచి వచ్చిన జోకును ఒకరి మీద 'వేస్తాం'. రాయినీ అలాగే వేస్తాం!

ఇతర భాషలు ఇంకో దారిలో పేరు పెట్టాయి. 'జోక్'కు మూలమైన లాటిన్ పదానికి పరిహాసం, ఆట అని అర్థం. జర్మన్ 'విట్స్' తెలివికి చుట్టం. ఉర్దూ 'లతీఫా'లో సున్నితత్వం ఉంది. అన్నిటికన్నా 'మజాక్' ఆసక్తికరం: అరబ్బీ మూలంలో అది 'రుచి'. హాస్యరసంలోని 'రసం' కూడా రుచే కదా.

నల్లగండ్ల వంటి చోట ఈ మాటలన్నీ ఒకే వీధిలో వినిపిస్తాయి. 'జోకులేస్తున్నావా' అని ఒకరు, 'మజాక్ చేస్తున్నవా' అని ఇంకొకరు, 'మజాక్ నక్కో కరో' అని దక్కనీలో మరొకరు. అయితే ఈ యాసల్లో దేనిమీద సినిమా నవ్వింది?

1965 నాటి హిందీ చిత్రం 'గుమ్నామ్'లో మెహమూద్ హైదరాబాదీ యాసలో మాట్లాడే బట్లర్. దక్కనీ మాట్లాడేవాడు అక్కడ నౌకరు. నవ్వులో పెద్ద వంతు ఆ యాస మీదే. తెలుగు సినిమా కూడా చాలాకాలం తెలంగాణ భాషను రౌడీలకు, హాస్యగాళ్లకు వదిలేసింది. 2005 ప్రాంతంలో వచ్చిన 'ది అంగ్రేజ్' ఈ విభక్తిని మార్చింది. విదేశాల నుంచి తిరిగొచ్చి సైబరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లు అందులో తికమకపడతారు. చార్మినార్ దగ్గరి ఇస్మాయిల్ భాయ్ బృందానికి తమ భాషలో ఏ ఇబ్బందీ లేదు. దక్కనీ అక్కడ నవ్వించే భాష, నవ్వులపాలయ్యే భాష కాదు. అందుకే ఆ సంభాషణలను హైదరాబాదీలు సొంతం చేసుకున్నారు.

అలాగని లోపం లేదనలేం. పాతబస్తీ యువకుడంటే గొప్పలు చెప్పుకునే పనిలేని మనిషి అన్న మూస అందులోనూ మిగిలింది. యాస బయటపడింది కానీ, ఆ యాస మాట్లాడే మనిషి సగమే బయటపడ్డాడు.

అభ్యాసం: మీ ప్రాంతపు యాస వినిపించే ఒక హాస్య సన్నివేశాన్ని ఎంచుకోండి. అందులోని నవ్వు 'తో'నా, 'ని'యా, 'మీద'నా? సంభాషణల ఆధారంగా వివరించండి.