రేకుల వెనక రాజమహల్

హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్ చూసొచ్చిన వాళ్ల ఫోన్లు తెరిస్తే దాదాపు అందరి దగ్గరా ఒకే ఫోటో. దర్బారు హాలు, నెత్తిమీద 19 బెల్జియం షాండ్లియర్లు, కింద నవ్వుతూ కుటుంబం. వెనకున్న గచ్చు నగిషీ ఫోటోలో పడినా కంటికి ఆనదు.

1750ల్లో ఆసఫ్‌జాహీ పాలకుడు సలాబత్ జంగ్ మొదలుపెట్టించగా, అఫ్జలుద్దౌలా హయాంలో పూర్తయిన మహల్ ఇది. తర్వాత దశాబ్దాల పాటు ఆలనాపాలనా లేక పాడుబడింది. నిజాం వంశపు కోడలు ప్రిన్సెస్ ఎస్రా పూనుకుని, ఆర్కిటెక్ట్ రాహుల్ మెహ్రోత్రాకు పని అప్పగించాకే తేరుకుంది. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ మెరిట్ అవార్డూ వచ్చింది. అయితే ఆ మరమ్మతు ఎలా సాగిందో ఇప్పుడు టికెట్ కొన్నవాళ్లకు కనిపించదు. ఈ కాలమ్ రాసే మనిషి లెక్కలో, మహల్‌ని చూడాల్సింది పరంజా కట్టి ఉన్నప్పుడే.

అప్పుడైతే సున్నం కనిపిస్తుంది. కాల్చిన సున్నపురాయిని నీళ్లగుంటలో వారాల తరబడి ఊరబెడతారు. ఇసుక కలిపి, గానుగలో రాతి చక్రం కింద వెన్నలా అయ్యేదాకా నూరతారు. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోస్తారు. కొన్నిచోట్ల మారేడు గుజ్జు, పైపూతకు గుడ్డు తెల్లసొన. వంటింటి సరుకు సగం గోడకే పోతుందన్నమాట! పూత మీద పూత వేసి, చివర నున్నటి రాయితో మెరుపు వచ్చేదాకా రుద్దుతారు. అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలల తరబడి మెల్లగా గట్టిపడుతుంది.

సిమెంటు వచ్చాక ఇంత ఓపిక ఎవరికి? కానీ పాత గోడకు సిమెంటు పూస్తే లోపలి తేమకు దారి ఉండదు. ఉప్పు పేరుకుని పెచ్చులూడుతుంది, ఊడుతూ పాత రాయినీ పీక్కుపోతుంది. 2013లో కుతుబ్‌షాహీ సమాధుల పని చేపట్టిన ఆగాఖాన్ ట్రస్టు వెనకటి మరమ్మతుల సిమెంటును గీకించాల్సి వచ్చింది. మరమ్మతుకే మరమ్మతు!

ఇలాంటి పనిని జనానికి చూపించడం కుదరనిదేమీ కాదు. జపాన్‌లో హిమెజి కోటను బాగుచేసేటప్పుడు దాని చుట్టూ పెద్ద షెడ్డు వేసి, అందులో లిఫ్టు పెట్టారు. 2011 నుంచి 2014 జనవరి దాకా జనం టికెట్ కొని పైకెళ్లి, మేస్త్రీలు కప్పుకు సున్నం పూస్తుంటే దగ్గరగా చూశారు. అక్కడి సున్నంలో బెల్లానికి బదులు సముద్రపు నాచు జిగురు.

మన దగ్గర మరమ్మతంటే ముందు రేకులు లేస్తాయి, వెంటనే ‘లోనికి ప్రవేశం లేదు’ బోర్డు. ప్రమాదం జరుగుతుందన్న అధికారుల భయం అబద్ధం కాదు. అయినా వారానికో పూట, హెల్మెట్లు పెట్టించి, పదిమంది చొప్పున లోపలికి పంపొచ్చు. తాపీమేస్త్రీ చేతే నాలుగు మాటలు చెప్పించి, ఆ పూట కూలి విడిగా కట్టివ్వాలి. పురావస్తు శాఖ వచ్చే టెండరు కాగితాల్లోనే ఈ షరతు రాయిస్తే మేలు.