గుంటూరు మండలము: రద్దైన జిల్లాకు రెండు చరిత్రగ్రంథములు

జిల్లాల చరిత్ర వ్రాయువారు సాధారణముగా తమకాలపు టెల్లలను గైకొని, పూర్వకాలమునంతయు ఆ యెల్లలలో ఇముడ్చుచుందురు. ఈ పద్ధతివలని చిక్కు గుంటూరు విషయమున స్పష్టముగా కానవచ్చును. 1794లో కంపెనీవారు నెలకొల్పిన గుంటూరు కలెక్టరేటు 1859లో రద్దయ్యెను. గుంటూరు, మచిలీబందరు, రాజమహేంద్రవరము అను మూడు జిల్లాలను మార్చి కృష్ణా, గోదావరి అను రెండు జిల్లాలుగా ఏర్పరచిరి. పట్టణముల పేళ్లు పోయి నదుల పేళ్లు వచ్చెను. ధవళేశ్వరపు టానకట్ట 1852లోను, బెజవాడ యానకట్ట 1855లోను ముగిసిన వెంటనే జరిగిన యీ మార్పున నదులకు ప్రాధాన్యము కలుగుట వింతగాదు. 1904లో గుంటూరు జిల్లా మరల వెలసినది. కాని అది పూర్వపు జిల్లాయే యనుట పొరపాటు. నెల్లూరి నుండి ఒంగోలు తాలూకా క్రొత్తగా ఇందు చేరినది.

గార్డన్ మెకంజీ 1883లో ప్రకటించిన కృష్ణాజిల్లా మాన్యువలు నేటికిని ఉపేక్షింపరాని గ్రంథము. (ఈతడు కైఫీయతులను సేకరింపించిన కాలిన్ మెకంజీ కాడు, ఇరువురిని ఒక్కరినిగా భ్రమింపరాదు.) అయినను దాని చట్టమే దాని లోపము. అప్పటికి ఇరువదినాలుగేండ్లే కలిసియున్న రెండు ప్రాంతములకు, అంతకుముందు అరువదియైదేండ్లు వేర్వేరు కలెక్టర్లును, వేర్వేరు లెక్కలును ఉండెను. 1832-33 నాటి ఘోరక్షామమును కృష్ణాజిల్లా మొత్తముతో పోల్చి చూచినచో, అది యొక భాగమునకు కలిగిన యాపదవలె తోచును. ఆనాటి గుంటూరు జిల్లానే ప్రమాణముగా గొన్నచో, జనములో మూడవవంతో, అంతకు మించియో నశించెనను అంచనా ముందు నిలుచును. హారము మారినచో చరిత్రయే మారును.

ఫ్రైకెన్‌బర్గు 1965లో ప్రకటించిన గుంటూరు జిల్లా చరిత్ర దీనికి సరియైన ప్రతివాదము. ఆయన 1788 మొదలు 1848 వరకు గల కాలమును గ్రహించి, రద్దైన జిల్లానే ప్రమాణముగా నిలిపెను. అందుచేతనే హుజూరు కచేరీ యుద్యోగుల బంధుబలము కలెక్టరుల యధికారమును ఎట్లు వమ్ముచేసెనో, 1845లో వాల్టరు ఎలియట్ విచారణకు ఏల రావలసివచ్చెనో బోధపడినది. ఆధారములలో కంపెనీ లేఖలదే పైచేయి యగుటచే రైతు మాట పలుచగానే వినవచ్చును. మరియొక కొరత యున్నది. గ్రంథము 1848తో ముగియుటవలన, జిల్లా రద్దగుటకు ముందు గడచిన పదునొకండేండ్లు దీనికి వెలుపలనే మిగిలిపోయినవి.

ఈ విచారము రెవిన్యూ చరిత్రకారులకే పరిమితము కాదు. అమరావతి స్తూపమును ఎలియట్ 1845లో త్రవ్వించినపుడు ఆ యూరు గుంటూరు జిల్లాలోనిది. బర్జెస్సు 1887 నాటి గ్రంథనామముననే అది కృష్ణాజిల్లాలోనిదైనది. 1904లో మరల గుంటూరునకు, 2022లో పల్నాడునకు చెందినది. అమరావతికి దేశమెల్ల నెరిగిన పేరుండుటచే భ్రాంతి కలుగదు. పేరులేని పల్లెలో దొరికిన తాళపత్రప్రతి గతి వేరు. 1859-1904 నడుమ సేకరింపబడి 'కృష్ణాజిల్లా' అని మాత్రమే గుర్తు వేయబడిన ప్రతి నరసరావుపేటది కావచ్చును, బందరుది కావచ్చును. ఊరును, తాలూకాను, సేకరించిన సంవత్సరమును చూడక దానిని బందరు ప్రాంతపు పాఠముగా గణించు పరిష్కర్త, నదికి దక్షిణపు టొడ్డున పుట్టిన పాఠమును ఉత్తరపు టొడ్డున కెక్కించినవాడగును.