హంగరీ నవలల్లో ‘నేను’, ‘మేము’

హంగరీ రచయిత్రుల నవలల్లో ఒక స్త్రీ తన కథ చెప్పుకోబోతే వంశం, వీధి, పార్టీ, చర్చి అన్నీ అందులోకి దూరతాయి. తాను ఎంత, తన వాళ్లు ఎంత అని తేల్చుకోవడంతోనే కథ నడుస్తుంది.

ఈ దారి వేసిన రచయిత్రి మార్గిత్ కఫ్కా (1880–1918). వృత్తిరీత్యా టీచరు, ‘న్యుగత్’ పత్రికకు రాసేవారు. 1912లో పుస్తకంగా వచ్చిన ‘రంగులూ ఏళ్లూ’ నవలలో మగ్దా పోర్తెల్కీ నడివయసు దాటాక తన గతాన్ని తవ్వుకుంటుంది. పుట్టింటివాళ్లు చితికిపోతున్న భూస్వాములు. ఫలానా వారి అమ్మాయి, ఫలానా ఆయన భార్య అనిపించుకోవడం తప్ప ఆమెకు వేరే ఉనికి తెలియదు. మొదటి భర్త ఆత్మహత్య చేసుకున్నాక సొంతంగా బతకడానికి చదువూ లేదు, పనీ రాదు. చివరికి మళ్లీ పెళ్లే దిక్కవుతుంది. కూతుళ్లను మాత్రం పట్టుబట్టి చదివిస్తుంది. మగ్దాను కఫ్కా త్యాగమూర్తిని చేయలేదు. ఆమె డాబుసరి, బాల్ డాన్సుల మోజు ఉన్నవి ఉన్నట్టే రాశారు. నవలకు బలం అదే.

మగ్దా సాబో (1917–2007) నాటికి పెత్తనం వంశం చేతి నుంచి కమ్యూనిస్టు రాజ్యం చేతికి మారింది. 1949లో ఆమెకు ప్రకటించిన బౌమ్‌గార్టెన్ సాహిత్య బహుమతిని వెంటనే లాగేసుకున్నారు. ఆ తర్వాత చాలా ఏళ్లు ఆమె పుస్తకాలు అచ్చుకాలేదు. 1987 నాటి ‘తలుపు’ నవలలో కథ చెప్పేది ఒక రచయిత్రి; కథంతా ఆమె ఇంట్లో పనిచేసే ఎమెరెన్స్‌ది. ఎమెరెన్స్‌కు చర్చి అంటే గిట్టదు, రాజకీయాలంటే ఒళ్లుమంట. కానీ వీధిలో ఇళ్ల ముందు మంచు ఊడ్చేది, ఎవరికి జబ్బు చేసినా వండి పట్టుకెళ్లేది ఆమే. అందరికీ కావలసిన మనిషే గానీ తన గడప లోపలికి ఎవరినీ రానివ్వదు. జబ్బుపడి లోపలే ఉండిపోయినప్పుడు, ఆమె ఎంతో నమ్మిన రచయిత్రే తలుపు పగలగొట్టించడానికి ఒప్పుకుంటుంది. ఆ సమయానికి తాను టీవీ కార్యక్రమానికి వెళ్లిపోతుంది. కుళ్లిన తిండి, పిల్లులు, మురికి ఇరుగుపొరుగు కంట పడతాయి. ప్రాణం దక్కినా పరువు పోయిందని తెలిశాక ఎమెరెన్స్ ఎన్నాళ్లో బతకదు. తలుపు తీయించడం తప్పా ఒప్పా అన్నది సాబో తేల్చరు. కథ చెప్పే స్త్రీ మాత్రం ఆ నేరం తనదేనంటుంది.

అగోతా క్రిష్టోఫ్ (1935–2011) ఫ్రెంచిలో రాసినా ఈ వరసలోనే నిలుస్తారు. 1956 నాటి హంగరీ తిరుగుబాటు అణచివేత తర్వాత చంటిపాపతో దేశం దాటి, స్విట్జర్లాండ్‌లో గడియారాల ఫ్యాక్టరీలో పనిచేశారు. 1986 నాటి ‘పెద్ద నోటుబుక్కు’ను కవల పిల్లలు ‘మేము’ అంటూ చెబుతారు. యుద్ధకాలంలో అమ్మమ్మ ఇంట పెరుగుతూ తాము చూసింది, చేసింది మాత్రమే నోటుబుక్కులో రాసుకుంటారు. ఏమనిపించిందన్నది రాయకూడదని వాళ్ల నియమం. పుస్తకమంతా ఇద్దరూ ఒకే గొంతు. చివర ఒకడు సరిహద్దు దాటిపోగానే ఆ ‘మేము’ తెగిపోతుంది. 1988, 1991లో వచ్చిన తర్వాతి నవలల్లో ఉండిపోయినవాడు, వెళ్లిపోయినవాడు ఒకరి మాటను ఒకరు కాదంటారు. అసలు రెండోవాడు ఉన్నాడా అన్నదే అనుమానంలో పడుతుంది.